ఒకే ల్యాప్‌టాప్, ఇద్దరి బతుకు

ఎమ్మిగనూరులో మా ఇంట్లో ల్యాప్‌టాప్ ఒక్కటే ఉండేది. పొద్దున నాది, మధ్యాహ్నం నుంచి మా అన్నది. నేను ఇంట్లోనే కూర్చుని బెంగళూరు కంపెనీ ఒకదానికి ప్రోగ్రాములు రాసేదాన్ని. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. పని చూసి తీసుకుంటామన్నారు. తీసుకుంటే మెషిన్ వాళ్ళే పంపుతారు, అందాకా ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. అన్న పొద్దున ఇంట్లో మగ్గం నేసి, మధ్యాహ్నం చీరల అంచులకు డిజైన్లు వేసేవాడు. అతను కంప్యూటర్‌లో గళ్ళ మీద గీసిన పువ్వును బట్టి అట్టలకు రంధ్రాలు కొడతారు. ఆ అట్టలు జకార్డు మగ్గం మీదికి ఎక్కితేనే అంచులో పువ్వు పడుతుంది.

ఒకరోజు మా టీమ్ లీడ్ ఫోన్‌లో, "సోమవారం నుంచి అందరం లైనక్స్ మీదే. విండోస్ ఉంటే తీసేయండి" అన్నాడు, దుప్పటి మార్చమన్నంత తేలిగ్గా.

ఇంకో సమయంలో అయితే ఎగిరి గంతేసేదాన్ని. విండోస్ కన్నా లైనక్స్ గొప్పదని కాలేజీలో ఎంతమందితో పోట్లాడానో! కానీ అన్న డిజైన్ ప్రోగ్రాం విండోస్‌లోనే నడుస్తుంది. అది కూడా ఆదోనిలో ఒకాయన వచ్చి ఈ ఒక్క మెషిన్‌లోనే ఎక్కించి, ఇంకెక్కడా నడవకుండా తాళం వేసి పోయినది. చెరిపితే మళ్ళీ ఆయన చేతుల మీదుగా రావలసిందే.

అన్నకు చెబితే భగ్గుమన్నాడు.

"నీ ఉద్యోగానికి నా పనే అడ్డమొచ్చినాదా? మామిడి పిందెల అంచు సగం గీసినాను. ఆ చీరలోళ్ళకు ఏం సెప్పాల?"

"లైనక్స్‌లో నడిచేట్టు ఎక్కిస్తాడేమో అడగనీకే గదన్నా ఆదోనికి పోతాండాను" అన్నాను నేనూ గొంతు పెంచి.

ఆదోనిలో బస్సు దిగి అడ్రసు పట్టుకుని వెళ్తే ఆ అంగడిలో ఫోన్ కవర్లు వేలాడుతున్నాయి. పక్కన అత్తరు అమ్మే పెద్దాయనను అడిగాను.

"ఆయప్ప దుకాణం బంద్ చేసి పోయినాడమ్మా. యాడికి పోయినాడో ఎవురికీ సెప్పల్యా. ఫోన్ కూడా ఎత్తడు."

ఎండలో నిలబడి ఆ మనిషిని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. ఆయన తప్పేముంది, వ్యాపారం సాగలేదు. అయినా తిట్టాను.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆ స్థితిలో మగ్గం ఇంట్లో పుట్టినవాళ్ళకు తోచేదే నాకూ తోచింది. పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగులు, అయిపోవస్తే మేము మొత్తం కోసి పారేయం. పోగులు దూరే అచ్చులో పాత పోగుల తోక మూరెడు ఉంచి, కొత్త పోగులు ఒక్కొక్కటే దానికి అతుకుతాం. మొత్తం తీసేస్తే ప్రతి పోగునూ మళ్ళీ మొదటినుంచి ఎక్కించుకోవాలి మరి. నేనూ డిస్కు మీద విండోస్‌ను కోయకుండా, మిగిలిన కాస్త చోటులో పక్కనే లైనక్స్ పెట్టాను. ఆహా, నా తెలివి! ఇంకెవరైనా డిస్కులో ఎంత చోటుందో ముందు చూసుకునేవారు.

శనివారానికే మెషిన్‌కు ఊపిరాడలేదు. నేను రాసిన ప్రోగ్రాంను నడిచే రూపంలోకి కట్టడం మొదలవుతుంది, సగంలో చోటు లేదని ఆగిపోతుంది. అనవసరమైన ఫైళ్ళు చెరిపాను, అన్న పెళ్ళి ఫొటోలు కూడా పెన్‌డ్రైవ్‌లోకి తరిమాను. మళ్ళీ ఆగింది. లీడ్ ఫోన్ చేశాడు. "సోమవారం పొద్దున మీ భాగం నడిపి చూపించాలి. కుదరకపోతే ఇప్పుడే చెప్పండి, వేరేవాళ్ళకు ఇస్తాను" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. మర్యాదగా అన్నందుకే ఇంకా భయమేసింది. "కుదురుతుందండీ" అన్నాను.

ఆదివారం మగ్గం చప్పుడు ఆగింది. అన్న మగ్గం గుంతలోంచి లేచి వచ్చి నా వెనక నిలబడ్డాడు. తెర మీద ఎర్ర అక్షరాలు. అవి అతనికి చదవడం రాదు, నా ముఖం చదవడం వచ్చు.

"యాడ తట్టుకుంటాంది?"

"చోటు చాలట్ల్యాదన్నా. పాత పడుగు తోకలాగ నీది ఉంచినాను గానీ, రెండూ పట్టవు దీంట్లో."

అన్న వంగి ఆ ఎర్ర అక్షరాలను ఓసారి చూశాడు. తర్వాత, "కోసెయ్ పాపా. తోకతో సహా కోసెయ్" అన్నాడు.

నేత పట్టినవాడి నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. నాకు కోపమొచ్చింది, అతని మీదో నా మీదో తెలియదు. "మళ్ళీ రాదన్నా అది. ఆలోచించే అంటాండావా?"

"ఇద్దరం కూసోని ఏడ్సేదానికంటే ఒకరన్నా నిలబడాల గదా. కానీ."

పువ్వుల బొమ్మలన్నీ పెన్‌డ్రైవ్‌లో దాచాను, సగం గీసిన పిందెల అంచుతో సహా. ఆ ప్రోగ్రాం లేనిదే అవి ఉత్త బొమ్మలు. చూసుకోవడానికే తప్ప దిద్దడానికి పనికిరావు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. మొత్తం చెరిపేయాలా అని మెషిన్ అడిగితే, అన్న అక్కడుండగా నొక్కలేకపోయాను. అతను నీళ్ళు తాగడానికి వెళ్ళినప్పుడు నొక్కాను.

సోమవారం నా భాగం నడిచింది. లీడ్ బాగుందన్నాడు. సంతోషం రావలసినచోట ఏదో అడ్డం పడింది.

మధ్యాహ్నం అన్న అన్నం తిని, చేతులు తుడుచుకుంటూ అలవాటు ప్రకారం వచ్చి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. కూర్చున్నాక గుర్తొచ్చినట్టుంది. లేవలేదు. మౌస్‌ను ఊరికే అటూ ఇటూ జరిపాడు.

"దీంట్లో గళ్ళ మీద పువ్వు గీసేది ఏమన్నా ఉందా పాపా?"

"ఉందన్నా. నాలుగు రోజులాగు, పెడతాను."

అబద్ధం. బొమ్మలు వేసే ప్రోగ్రాములు దొరుకుతాయి గానీ, ఏ గడికి రంధ్రం పడాలో అట్టలు కొట్టేవాళ్ళకు చెప్పే లెక్క వాటికి రాదు. అన్న సరేనని తలూపి మగ్గం దగ్గరికి వెళ్ళాడు. చప్పుడు మొదలయ్యేదాకా ఆగి, ఖాళీ ఫైలొకటి తెరిచి, తెర మీద మొదటి గడి గీసే ప్రోగ్రాం లైను రాశాను.