మూన్‌పెటల్ మెడోస్ వారి సొంత జవాను

మా గోపన్‌పల్లిలో జవాన్ అంటే ఒకటే అర్థం, మున్సిపాలిటీ జవాన్. వీధులు ఊడ్చేవాళ్ల మీద పెత్తనం చేసేవాడు, చెత్తబండి రాకపోతే మనం తిట్టాల్సినవాడు. దేశానికి ఇంకో రకం జవాన్లు కూడా ఉంటారని బళ్లో నేనే పాఠం చెప్పాను గానీ, అలాంటివాడు మా ఊళ్లో పుడతాడని అనుకోలేదు. సాయిచంద్ పుట్టాడు. అదీ మా గోడ పక్కనే పుట్టాడు.

వాడి తండ్రి పోచయ్య గొర్రెలు కాసేవాడు. ఊళ్లో పొలాలున్నవాళ్లు పొలాలమ్మి కార్లు కొన్నారు, వాటికి డ్రైవర్లను పెట్టుకున్నారు, కొన్నాళ్లకు వాళ్లే డ్రైవర్లయ్యారు. పోచయ్యకు అమ్ముకోవడానికి కూడా ఏమీ లేదు. మేత నేలలో అద్దాల మేడలు లేచాక గొర్రెలు పోయాయి, ఆ తర్వాత అతనూ పోయాడు. ఊరి బొందలగడ్డలో పాతిపెట్టి గోరి మీద ఒక బండ ఉంచాం. ఆ మరుసటి ఏడే బొందలగడ్డ చుట్టూ గోడ లేచి, లోపల మూన్‌పెటల్ మెడోస్ అనే గేటెడ్ కమ్యూనిటీ వెలిసింది. చంద్రుడికి రేకులేమిటని నన్నడక్కండి, బిల్డర్‌నడగండి. బొందలగడ్డకు మెడిటేషన్ కార్నర్ అని పేరుపెట్టి పచ్చిక పరిచారు. యోగా చేసేవాళ్లు పోచయ్య బండ మీద నీళ్ల సీసాలు పెట్టుకునేవారు.

ఊరివాళ్లం అడ్డుపడలేదా అంటారేమో. ఎందుకు పడలేదు? ఒంటికాలి మీద లేచాం. బిల్డరు బోనాలకు పెద్ద ఫ్లెక్సీ కట్టించి అందులో మా అందరి ఫోటోలూ వేయించాడు. దాంతో మా పౌరుషం చల్లారింది.

పోచయ్య భార్య సక్కుబాయి ఆ గోడ లోపలే పనికి కుదిరింది. ఇంకెక్కడా పని దొరక్క కాదు. అంట్లు తోమడం అయ్యాక పెనిమిటి గోరి మీద ఎండుటాకులు ఊడ్చి, కాసేపు అతనితో మాట్లాడి రావచ్చని. ఆమె పనిచేసింది సీతారామాంజనేయులు గారింట్లో. కాకినాడ వైపు నుంచి వచ్చిన పెద్దమనిషి, రిటైరైన ప్రభుత్వోద్యోగి, ఆ కమ్యూనిటీ అసోసియేషన్‌కు అధ్యక్షుడు. ఆఫీసు పోయినా ఆఫీసరుతనం మాత్రం పోలేదు.

సాయిచంద్ ఇంటర్ తప్పి ఒక అద్దాల మేడ ముందు సెక్యూరిటీ గార్డుగా చేరాడు. వచ్చే కారుకొక సెల్యూట్, పోయే కారుకొక సెల్యూట్. ఒకరోజు ఎవరో మేనేజరు కారాపి మరీ అరచెయ్యి నిటారుగా ఉండాలని వాడికి సెల్యూట్ నేర్పాడట. వాడు ఇంటికొచ్చి టోపీ విసిరికొట్టాడు.

"సలాం కొట్టుడే కొలువైతే జెండకు కొడ్తనే అమ్మా, గీ కార్లకెందుకు?"

మిలిటరీ సెలక్షన్‌కు వెళ్లి పరిగెత్తాడు, నెగ్గాడు. సక్కుబాయి గుండెలు బాదుకుంది. ఊరంతా ముక్కున వేలేసుకుంది, ఇంత ఐటీ పెట్టుకుని మిలిటరీకి పోవడమేంట్రా అని.

అసలు తమాషా ఇక్కడ మొదలైంది. ఒకసారి సీతారామాంజనేయులు గారు కాఫీ తాగుతూ మీ అబ్బాయి ఏం చేస్తున్నాడమ్మా అనడిగారు.

"జవాన్ అయిండు సారూ."

ఆయన మొహం వెలిగిపోయింది. "అలా చెప్పవేం! ఎక్కడ?"

"బార్డర్ల."

"ఏ బార్డరు, మన పక్క నల్లగండ్ల బార్డరా?"

"గంత నాకు తెల్వది సారూ. సలి బాగుంటదంట."

"చెరువు పక్కన కదా, చలిగానే ఉంటుందిలే. నీ కొడుకు నంబరు చెప్పు."

ఆ మర్నాటి నుంచి మంచుకొండల్లో తుపాకీ పట్టుకున్న మా సాయిచంద్‌కు మూన్‌పెటల్ చెత్త బాధ్యత కూడా నెత్తిన పడింది. సిగ్నల్ దొరికితే చాలు, అమ్మ కన్నా ముందు ఈయన ఫోనే.

"ఏమయ్యా జవానూ, మా చెత్త ఎత్తి ఎన్నాళ్లయింది? డ్యూటీ అంటే ఇదేనా?"

కాదు సార్, నేను ఆ జవాన్ కాదు సార్ అని చెబుదామనుకున్నాడట. సారుకు చిన్నతనమై, అమ్మ పని పోతుందేమోనని భయపడ్డాడు. అమ్మ పని పోతే నాయిన గోరీ పోయినట్టే. అందుకని జీ సార్ అని, చెత్త ఆటో నడిపే తన దోస్తు వెంకట్‌కు ఫోన్ కొట్టేవాడు. చెత్త మాయమయ్యేది. పనంటే ఇలా చెయ్యాలని సీతారామాంజనేయులు గారు మీటింగులో వాణ్ని మెచ్చుకున్నారు కూడా. సెలవుకొచ్చినప్పుడు సాయిచంద్ నాకు ఇది చెప్పి కడుపు పట్టుకుని నవ్వాడు. "మా మేజర్ సాబ్ గుడ గింత గట్టిగ మాట్లాడడు సారూ!"

వాడు సెలవు ముగించుకుని వెళ్లగానే సరిహద్దులో కాల్పులు మొదలయ్యాయి. అక్కడి సంగతి నాకు తెలియదు గానీ, మూన్‌పెటల్‌లో మాత్రం యుద్ధం భీకరంగా జరిగింది. వాట్సాప్‌లో శత్రువును చీల్చి చెండాడారు. దీపాలార్పే రిహార్సల్ చేశారు, ఏసీలు మాత్రం ఆపలేదు. క్లబ్ హౌస్‌లో పెద్ద తెర మీద యుద్ధం చూస్తూ మిర్చిబజ్జీలు తిన్నారు. కప్పులు ఎత్తడానికి వెళ్లిన సక్కుబాయి తెర ముందు నిలబడిపోయింది.

"గా గుట్టలల్లనే మా పిలగాడున్నడు సారూ."

"తప్పుకోమ్మా, కనపడ్డం లేదు," అన్నారు సీతారామాంజనేయులు గారు.

గాయపడ్డ తోటివాణ్ని సాయిచంద్ భుజాన వేసుకుని వస్తుంటే పక్కనే గుండు పడింది. తోటివాడు బతికాడు. మా వాడు పోయాడు. ఎదురుగా కూర్చోబెట్టుకుని నేను ఎక్కాలు చెప్పిన పిల్లాడు. పెళ్లన్నా కాలేదు. కుమిలి కుమిలి ఏడ్చాను, ఏం చెప్పమంటారు.

సక్కుబాయి పనికి రాలేదని సీతారామాంజనేయులు గారి భార్య వీరలక్ష్మి గారు ఫోన్ చేస్తే నేనే ఎత్తి సాయిచంద్ పోయాడని మాత్రం చెప్పాను. కాసేపటికి వాళ్ల గ్రూపులో అధ్యక్షులవారి సందేశం వచ్చింది. "మన ఏరియా జవాన్ సాయిచంద్ ఆకస్మికంగా మరణించారు. ఓం శాంతి. చెత్త నిమిత్తం కొత్త జవాన్ నంబరు తెలిసినవారు పెట్టగలరు." కింద వరసగా దండాల బొమ్మలు. సాయంత్రం టీవీలో యూనిఫాంలో ఉన్న వాడి ఫోటో వచ్చింది. సందేశం మాయమై, దాని చోట జెండా ఎగిరింది. తెల్లారేసరికి గేటుకు ఫ్లెక్సీ: మా మూన్‌పెటల్ ముద్దుబిడ్డ! ఇన్నాళ్లూ ఏమ్మా, నువ్వు అన్న నోటితోనే సీతారామాంజనేయులు గారు సక్కుబాయిని గారూ, మీరు అన్నారు.

సక్కుబాయి అడిగింది ఒక్కటే. "ఆళ్ల నాయిన పక్కన పండవెడ్త సారూ."

ఆయన బేరానికి దిగారు. "సక్కుబాయి గారూ, విగ్రహం పెడదామండి. క్లబ్ హౌస్‌కు బాబు పేరే పెడదాం. లోపల సమాధి అంటే మాత్రం... పిల్లలు ఆడుకునే చోటండి. రేపు ఫ్లాట్లు అమ్ముకోవాలన్నా ఇబ్బందండి. నార్సింగి అవతల మంచి శ్మశానం ఉందట, వ్యాను మేమే మాట్లాడతాం."

"ఇగ్రహం నేనేం జేసుకోను సారూ? నాకు పిలగాడు గావాలె."

సమాధికి ఎవరూ ఒప్పుకోలేదు. కానీ శవపేటిక తమ మెడిటేషన్ కార్నర్ పచ్చిక మీద కాసేపు ఆగాలని మాత్రం మిలిటరీ పెద్దల కాళ్లావేళ్లా పడి ఒప్పించుకున్నారు. ఫోటోలు బాగా వస్తాయిగా మరి! మిలిటరీ ట్రక్కు వచ్చింది. జెండా కప్పిన పెట్టెను దించారు. తెల్ల కుర్తాల్లో అందరూ సెల్యూట్ కొడుతూ నిలబడ్డారు. కెమెరాలన్నీ తిరిగి ఉన్నాయి. వెంట వచ్చిన ఆఫీసరు వంగి, ఎక్కడ పెట్టాలమ్మా అని సక్కుబాయిని హిందీలో అడిగాడు.

ఆమె పోచయ్య బండ మీది సీసాలు తీసి పక్కన పెట్టింది. "ఇధరీచ్ సాబ్. ఇస్కే బాప్ కే బాజూ," అంది, ఇక్కడే, వీడి తండ్రి పక్కనే అని.

ఆఫీసరు సీతారామాంజనేయులు గారి వైపు చూశాడు. ఆయన చెయ్యి నుదుటి మీద ఉంది, మైకు మూతి ముందు ఉంది. ఏమంటారు పాపం! "మాకది గర్వకారణమండి," అన్నారు. అక్కడే తవ్వారు. తుపాకులు గాల్లోకి పేలాయి. పచ్చిక నాశనమైంది. సక్కుబాయి గెలిచిందనే అనుకున్నాను నేను.

మూడో వారం ఆమె పనికి వెళ్తే వీరలక్ష్మి గారు ఎదురొచ్చి చేతులు జోడించారు. "వీరమాత చేత అంట్లు తోమించుకుంటే మాకు పాపం చుట్టుకుంటుందండి." పట్టుచీర పెట్టి, శాలువా కప్పి పంపేశారు. మిగతా ఇళ్లవాళ్లూ అంతే, ఒకరిని మించిన భక్తి ఒకరిది. పని పోయింది గనక గేటు దగ్గర గార్డుల ఫోన్లలో ఉండే పనివాళ్ల జాబితాలోంచి ఆమె పేరు తీసేశారు.

"పనోళ్లల్ల లేవు, ఓనర్లల్ల లేవు. ఎట్ల పంపాలె అమ్మా?" అన్నాడు సెక్యూరిటీ గార్డు.

సీతారామాంజనేయులు గారు మాత్రం భరోసా ఇచ్చారు. "మీరు ఎప్పుడైనా రావచ్చండి. ఆగస్టు పదిహేనుకు మేమే కారు పంపుతాం."

కొడుకు లోపల, మొగుడు లోపల, ఈమె గోడ బయట. గోడకు చెవి ఆనించి కూర్చునేది. చూడలేక ఒళ్లు మండిపోయింది నాకు. చివరి బ్లాకులో బెంగళూరు నుంచి కొత్తగా దిగిన శిరీష అనే అమ్మాయి పనిమనిషి కోసం వెతుకుతోందని తెలిసి, నేనే సక్కుబాయిని వెంటబెట్టుకు వెళ్లాను. శిరీష మమ్మల్ని గేటు దగ్గరే నిలబెట్టి మాట్లాడింది.

"వంట కూడా చేస్తారా ఆంటీ?"

"చేస్తనమ్మా."

"ఇంట్లో ఎవరెవరుంటారు?"

"నేనొక్కదాన్నే."

"పిల్లలు?"

వాడి పేరు చెబితే ఈ అమ్మాయి కూడా చేతులు జోడిస్తుంది. గేటుకు కట్టిన కొడుకు ఫ్లెక్సీ వైపు సక్కుబాయి తల ఎత్తలేదు.

"లేరమ్మా," అంది. "నాకు పిల్లలు పుట్టనే లేదు."

"అయ్యో," అని శిరీష ఫోన్‌లో ఏదో నొక్కింది. గేటు తెరుచుకుంది.