కాసులమ్మ వంచే దేవుడి డబ్బాలు

మా చర్చి చరిత్ర పుస్తకంలో పాస్టర్ల ఫొటోలు పదకొండున్నాయి. కాసులమ్మ ఫొటో ఒక్కటీ లేదు. ఆ పుస్తకం వేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి కాబట్టి తిట్టదలిస్తే నన్నే తిట్టండి.

బాప్తిస్మంలో ఆమెకు మార్త అని పేరు పెట్టారు. అనకాపల్లిలో ఆ పేరుతో పిలిస్తే ఆమే పలకదు. వంటకు బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు దేవుడి డబ్బాలో వేయడం మా తాతల నాటి ఆచారం. చర్చి గోడలు లేచింది ఆ బియ్యంతోనే. నలభై ఏళ్లుగా ప్రతి శనివారం ఇంటింటికీ తిరిగి ఆ డబ్బాలను సంచిలోకి వంపుకోవడం కాసులమ్మ పని.

డబ్బా వంచగానే ఆమెకు ఇంటి గుట్టు తెలిసిపోయేది. ఎక్కువైతే చుట్టాలొచ్చారు, తక్కువైతే జ్వరమో, అలకో. మా ఆవిడ పుట్టింటికి వెళ్లొచ్చిన వారం, "ఏటి బాబూ, వారమంతా హోటలేనా?" అని మా ఆవిడ ఎదురుగానే కాసులమ్మ అడిగేసింది. రోజూ వండుకున్నానని మా ఆవిడతో నేను అప్పటికే కోతలు కోసి ఉన్నాను.

కొత్త పాస్టరు జాన్ పాల్ గారు మంచివారే, తొందర ఎక్కువ. ఇక బియ్యం వద్దు, కానుకలు ఫోన్లో పంపండన్నారు. కాసులమ్మ సంచి ఉతికి, మడిచి, చర్చి బీరువాలో పెట్టేసింది. నాకు ఒళ్లు మండింది గానీ, కమిటీలో ఉన్నవాడికి నోరెక్కడిది?

మూడో శనివారం ఆమెకు కాలు నిలవలేదు. ఉత్త చేతులతోనే బయల్దేరింది. గవరపాలెంలో ఒంటరిగా ఉండే బెన్‌హర్ మాస్టారు అరుగు మీద కూర్చుని, "బాగానే ఉన్నానమ్మా" అన్నారు. ఆయన ఆచారం మానే మనిషి కాదు. ఆమె లోపలికెళ్లి డబ్బా తీసి చూస్తే మూడు వారాలకూ కలిపి అడుగున నాలుగు పిడికిళ్లే ఉన్నాయి.

"మీరు బాగున్నారు గానీ, డబ్బా బాగులేదు మాస్టారూ" అని ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకుపోయింది. ఇంకో రెండు రోజులైతే చేయి దాటిపోయేదని డాక్టరు అన్నాడు. ఆయన కానుక మాత్రం ప్రతి ఆదివారం ఫోన్లో ఠంచనుగా వస్తూనే ఉంది.

తర్వాతి శనివారం జాన్ పాల్ గారే సంచి తెచ్చి ఆమె చేతికిచ్చారు. "మా ఇంటినుంచే మొదలుపెట్టమ్మా, మేమూ ఈ వారమే డబ్బా పెట్టాం" అన్నారు. కాసులమ్మ డబ్బా వంచింది. కాసేపు బియ్యం వైపు, తర్వాత పాస్టరు గారి మొహం వైపు చూసింది.

"నాలుగు పూటలు మీ పొయ్యి ఎలగలేదు. ఉపాసాలు సాలు అయ్యగారూ. మాస్టారు లేచి తింతన్నారు, మీరూ తినండి."