సత్తార్ మాస్టరు వదులు చేసిన మేజోళ్లు

రేగొండ బస్టాండుకు ఎదురు వరుసలో దర్జీ దుకాణం నడిపే అబ్దుల్ సత్తార్‌ను ఊరంతా మాస్టరు అని పిలుస్తుంది. మిషను తొక్కడం పనివాళ్ల వంతు. బల్ల ముందు నిలబడి కత్తెర పట్టడం ఆయన వంతు. పొద్దున దుకాణం తెరిచింది మొదలు దీపాలు పెట్టే దాకా ఆయన కూర్చోగా చూసినవారు లేరు. ఆయన కోసిన చొక్కాలో మనిషి ఊపిరి పీల్చుకోవడం అనేది ఆయన దృష్టిలో అనవసరమైన వ్యవహారం. బిగుతుగా ఉన్నదని ఎవరైనా తిరిగి తెస్తే, చొక్కాను చూడడు. తెచ్చినవాని పొట్టను చూస్తాడు.

"కొలత తీసిననాడు గీ కడుపు లేకుండె ఐలయ్యా. కడుపు నువ్వు పెంచుకొని, కుట్టు నన్ను ఇప్పుమంటవా?" అని పత్తి రైతు ఐలయ్యను నలుగురి ముందర నిలదీశాడు. ఐలయ్య చొక్కాను చంకన పెట్టుకొని దిగిపోయాడు. ఒక్క కుట్టు విప్పినా తన హస్తవాసికి మచ్చ వస్తుందని ఈ మహానుభావుని నమ్మకం.

అటువంటి వాని కాళ్లు వాచాయి. పిక్కల మీద నీలి నరాలు తాళ్ల వలె ఉబ్బాయి. ఎడమ చీలమండ పైన చర్మం నల్లబడి, చిన్న పుండు లేచింది. దానిని దోమకాటు అని తానే నిర్ణయించుకొని చాలాకాలం గౌరవంగా కాపాడుకున్నాడు. చివరకు భార్య షహనాజ్ బేగం భూపాలపల్లి దవాఖానకు లాక్కుపోయింది.

అక్కడి డాక్టరు నీరజ పాదం మీద నాడి పట్టి చూసి, మోకాటి దాకా వచ్చే బిగువు మేజోళ్ల జత ఒకటి చేతికిచ్చింది.

"కిందికి నెత్తురు మంచిగనే వస్తున్నది మాస్టర్. మళ్ల పైకి ఎక్కుడే కష్టమైతున్నది. నిలబడి నిలబడి నరాలు సడలినయ్. గీ సాక్సులు చీలమండ కాడ గట్టిగ పడతయ్, పైకి పోయినకొద్ది తక్కువ పడతయ్. నెత్తురును పైకి నూకుతయ్. పొద్దున మంచం దిగకముందే తొడగాలె, పండుకునేటప్పుడు తియ్యాలె. ముడతలు పడొద్దు, పైన మడవొద్దు. పుండు పెద్దగైతే మాత్రం నిలబడే పని ఇడిచిపెట్టాలె."

ఆ చివరి మాట ఒక్కటే ఆయన చెవికెక్కింది. కుర్చీలో కూర్చున్నవాణ్ణి ఎవరూ మాస్టరు అనరు. కత్తెర పోతే ఆయనలో మిగిలేది నోరు ఒక్కటే. అంత భయపడినవాడు చెప్పినట్టు చేస్తాడని ఎవరైనా అనుకుంటారు. ఆయన మాత్రం మరునాడు మంచం దిగి, చాయ తాగి, కాళ్లు మళ్లీ వాచిన తరువాత మేజోళ్లు అందుకున్నాడు. అవి మడమ దాటలేదు.

"మంచం మీదనే తొడగమన్నది గద డాక్టరమ్మ?" అన్నది షహనాజ్.

"పొద్దుగాల ఫజర్ నమాజుకు కాళ్లు కడగాలె. తొడిగినంక మళ్ల ఇప్పాల్నా?"

"నువ్వు ఫజర్‌కు లేసినవని మసీదుల ఎవలన్న చెప్పినంక మాట్లాడు."

మేజోళ్లను దుకాణానికి తీసుకుపోయి బల్ల మీద పరిచి, కోసినవానికి కొలతలే రావని తీర్పు చెప్పాడు. పక్కన చీల్చి మెత్తని గుడ్డ అతుకు వేశాడు. పైఅంచును అందంగా మడిచాడు. "ఫిటింగంటే గిట్లుండాలె" అని పనివాళ్లకు చూపితే వారు తలలూపారు. ఆ దుకాణంలో పని నిలుపుకోవడానికి మిషను తొక్కడం కన్న తల ఊపడమే ముఖ్యం.

కొద్దివారాలకే మడిచిన అంచు మోకాటి కింద తాడు వలె కోసుకుపోయింది. దాని కింద వాపు రెట్టింపయింది. చొక్కా గుండీ అంత ఉన్న పుండు కోటు గుండీ అంతయింది.

మళ్లీ భూపాలపల్లి. నీరజ ఆ మేజోళ్లను చేతిలోకి తీసుకొని అతుకును వేలితో తడిమింది.

"ఎవలు కుట్టిండ్రు గిది?"

"నేనే అమ్మా. మరీ పట్టినట్టుంటే జర వదులు చేసిన" అన్నాడు, మెచ్చుకుంటుందని చూస్తూ.

"డాక్టరమ్మా, ఊరంత బతిలాడినా ఈయన ఎవలకూ ఒక్క కుట్టు ఇప్పలే. పట్టినట్టుంటనే అందమంటడు. ఆఖరికి ఇప్పి ఇప్పి దీన్నే ఇప్పిండు" అన్నది షహనాజ్.

"బిగువే గీటి మందు మాస్టర్. ఆ మందునే కోసిపారేసిండ్రు. ఇంకోసారి గిట్లొస్తే నేను చెప్పేది ఏం లేదు. కుర్చీ కొనుక్కోండి."

పుండుకు కట్టు కట్టి, కొత్త జత ఇచ్చింది. ఆనాటి నుండి షహనాజ్ తెల్లవారకముందే మంచం కాళ్ల దగ్గర కాపు కాసేది. మేజోళ్లు ముడత లేకుండా మోకాటి కిందిదాకా ఎక్కితేనే చాయ. నిజంగా ఫజరుకు లేచిన అరుదైన దినాలలో, నమాజు కాగానే కాసేపు కాళ్లు ఎత్తుగా పెట్టించి ఆపైన తొడిగేది. వాపు దిగింది. పుండు మెల్లగా మాని మచ్చ మిగిలింది. ఉబ్బిన నరాలు మాయం కాలేదు. అంత పని ఆ మేజోళ్లు చేయవు. కాని మాస్టరు బల్ల ముందు నిలబడగలిగాడు, కత్తెర ఆయన చేతిలోనే ఉండిపోయింది. ఆ సంగతిని ఆయన తన దృఢమైన శరీరతత్త్వానికే జమ కట్టుకున్నాడు.

ఈ వృత్తాంతం విని ఐలయ్య ఆశతో పాత చొక్కా పట్టుకొని వచ్చాడు.

"మాస్టరూ, నీ కాళ్లకైతే వదులు చేసుకున్నవట. నా కడుపును గూడ జర సూడే."

"వదులు చేసుడే తప్పయింది ఐలయ్యా. పెద్ద డాక్టరమ్మే చెప్పింది, బిగువే మందని" అన్నాడు సత్తార్, కత్తెర దించకుండానే. "పొద్దుగాల మంచం దిగకముందే తొడుక్కో. గప్పటికి కడుపు ఉబ్బదు. ముడతలు మాత్రం పడనియ్యకు."