తిన్నాక వేసుకోమన్న మాత్ర

2022 మార్చి నెల. నందిగామలో నేను మందుల షాపు పెట్టి అప్పటికి పదకొండేళ్లు. చీటీ చదవడంలో నన్ను మించినవాడు లేడన్న పొగరు కూడా ఉండేది. ఫార్మసీ కోర్సులో మొదటి వారాల్లోనే మాకు కాస్త లాటిన్ నేర్పుతారు. జగ్గయ్యపేట నుంచి బస్సులో కాలేజీకి వెళ్తూ బట్టీ పట్టేవాణ్ణి. బి.డి. అంటే రోజుకు రెండుసార్లు, టి.డి.ఎస్. అంటే మూడుసార్లు, పి.సి. అంటే భోజనం తర్వాత. డాక్టర్లు ఇప్పటికీ ఈ పొడి అక్షరాలే రాస్తారు. వాటిని తెలుగులో చెప్పి పంపడం మా పని.

మరియమ్మ గారిది చందర్లపాడు, కూలి పనులకు వెళ్తారు. ఆమెకు ఫిట్స్ జబ్బు. మాత్రలు వాడుతుంటే రెండేళ్లుగా రాలేదు. ఆ రోజు కుడిచేతికి కట్టుతో వచ్చారు. వంట చేస్తుండగా ఫిట్స్ వచ్చి పొయ్యి మీద పడ్డారట. మందు చాలడం లేదనుకుని డాక్టర్ గారు డోసు రెట్టింపు చేశారు. కింద మళ్లీ అదే బి.డి., పి.సి.

"పాత మాత్రలు అయిపోయాయా అమ్మా?" అన్నాను.

"ఇంకా ఉన్నయ్యండి. ఈ నెల బాగా మిగిలినయ్."

నాకు చిర్రెత్తింది. "మిగిలాయంటే వేసుకోవట్లేదన్నమాట. మరి ఫిట్స్ రాకేం చేస్తాయి?"

"ఏసుకోకుండా ఎందుకుంటానండి? తిన్నాక ఏసుకోమని మీరేగా చెప్పింది. తిన్నప్పుడల్లా ఏసుకున్నా. నలభై రోజుల ఉపవాసం కదండీ, సాయంత్రం ప్రార్థనయ్యాకే తింటన్నా."

చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే. నేను చెప్పింది చెప్పినట్టే చేసి ఆమె చెయ్యి కాల్చుకున్నారు. పైగా నేనే కసిరాను. సిగ్గేసింది. వెంటనే డాక్టర్ గారికి ఫోన్ చేశాను. ఆయన పాత డోసే ఉంచమన్నారు. ఈ మాత్ర పొద్దున నీళ్లతో వేసుకున్నా పరవాలేదన్నారు.

"మాత్రకి ఉపవాసం చెడదాండి?"

"చెడదమ్మా. పాస్టర్ గారిని కూడా అడగండి. తప్పు నాదే, ఏమనుకోకండి."

అప్పట్నుంచి పి.సి. కనిపిస్తే ముందు ఒక మాట అడుగుతున్నాను: రోజుకు ఎన్నిసార్లు తింటారు? మొదట్లో ఉపవాసాల కోసమే అడిగాను. పనులు దొరకని ఎండాకాలంలో కొందరు తల దించుకుని చెప్పే జవాబులు విన్నాక అర్థమైంది. ఏ ఉపవాసమూ లేకుండానే ఒక్కపూటతో సరిపెట్టుకునేవాళ్లు నా షాపుకి ఎన్నాళ్లుగానో వస్తున్నారు. వాళ్లందరికీ నేను "రెండు పూటలా తిన్నాక" అనే చెప్పి పంపాను.