ఎదురు మంట నేర్చుకున్న ఎండాకాలం

వీపుకు కొడుతున్న గాలి ఒక్కసారిగా ముఖానికి తగిలింది. నాకు భయం మొదలైంది సరిగ్గా అప్పుడే. మంట దాటకుండా చెట్టూ చేమా కొట్టేసిన ఫైర్ లైన్ మీద వంగి, పచ్చికొమ్మతో ఎండిన టేకు ఆకులు ఊడుస్తున్నాను. అంతవరకు ఊరి దిక్కు నుంచి అడవిలోకి పోతున్న గాలి అడవిలో నుంచి మా మీదికి రావడం మొదలుపెట్టింది, అందులో వేడి ఉంది, అది ఎండ వేడి కాదు. ఆ వెంటనే వాగు అవతల వెదురు పొదలు కాలి పగిలే చప్పుడు, పెళ్లి బరాత్‌లో పటాకుల లడీ అంటించినట్టు, ఆగకుండా వినిపించింది. ఆ వాగు అవతలికే పొద్దున్నే మా అత్తమ్మ నా పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని ఇప్పపూలు ఏరడానికి పోయింది.

ఇన్నేళ్ల తర్వాత ఈ రాత్రి ఇదంతా రాయడానికి కూర్చున్నానంటే కారణం నా బిడ్డ. ఇప్పుడు హైస్కూల్లో చదువుతోంది. బడిలో అడవుల మీద ఏదో ప్రాజెక్టు ఇచ్చారట; ఇంగ్లీషు మాటలు ఒక్కొక్కటే నన్ను అడగమని, తాను అర్థాలు చెబుతానని, బువ్వ తిన్న తర్వాత నా ఒళ్లోకి ఒక కాగితం తోసింది. క్యానపీ అంటే చెప్పింది, అండర్‌గ్రోత్ అంటే చెప్పింది. కౌంటర్ ఫైర్ దగ్గరికి వచ్చేసరికి నేను ఆ మాట పైకి చదవలేకపోయాను. మంచినీళ్ల నెపం పెట్టుకుని వంటింట్లోకి పోయి కాసేపు ఊరికే నిలబడ్డాను. తను నా కోసం ఆగకుండా, "వచ్చే మంటకు ఎదురు పెట్టే మంట" అని ఒక్క గుక్కలో చెప్పేసి తర్వాతి మాటకు పోయింది. ఇప్పుడు పిల్లలు నిద్రపోతున్నారు, నాకు మాత్రం కన్ను మూతపడటం లేదు.

నేను కూడా ఆ మాటలు అట్లాగే నేర్చుకున్నాను, అడవి మొఖం చూడకుండా. మాది మందమర్రి, బొగ్గుగని కార్మికుల కాలనీలో పుట్టి పెరిగినదాన్ని. కరీంనగర్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చేసినా చదివింది తెలుగు మీడియం కావడంతో, జంగ్లాత్, అంటే అటవీశాఖ, నౌకరీ పరీక్షకు దరఖాస్తు పెట్టిన తర్వాత ఇంగ్లీషు పుస్తకం తెరిస్తే ఒక్క పేజీ కూడా ముందుకు సాగలేదు. అప్పటికి చిన్నోడు ఉయ్యాలలో ఉన్నాడు. నా ఈడు ఆడవాళ్లలో చాలామంది అట్లాగే చదివి ఉంటారు, ఒక చెయ్యి ఉయ్యాల తాడు మీద, ఇంకో చెయ్యి పుస్తకం మీద. మాటలను చీటీల మీద రాసి వంటింటి గోడకు, బియ్యం డబ్బాకు, అద్దం అంచుకు అంటించేదాన్ని. పప్పు ఉడికేలోగా థిన్నింగ్, పిల్లవాడు పాలు తాగేలోగా కాపిస్. కాపిస్ అంటే నరికిన మొద్దు నుంచి మళ్లీ చిగిర్చి పెరిగే అడవి అని, పాట పాడినట్టు పదిసార్లు అనుకునేదాన్ని. మా అత్తమ్మ నస్పూర్ నుంచి వచ్చినప్పుడు ఈ జపం విని, "లాలిపాటలు మర్శినవా ఏందే? పోరడు రేపు బడిల అ, ఆ అనమంటే గిదే అంటడు" అని నవ్వేది.

మా నాన్న, బాపుకు నా చదువంటే మహా సరదా. ఆయన చదివింది తక్కువే గాని భూమి కింద పనిచేసిన మనిషి గనుక ప్రాపు, రూఫు, షిఫ్టు, టింబరు అన్నీ ఆయనకు ఇంటి మాటలే, అవి ఇంగ్లీషు అని కూడా ఆయనకు పట్టింపు లేదు. గోడ మీద టింబర్ అన్న చీటీ చూసి ఆ రోజంతా మురిసిపోయాడు. పైకప్పు కూలకుండా బొగ్గుబాయిలో నిలబెట్టే దుంగలన్నీ అడవి నుంచి వచ్చినవే కదా. "నువ్వు చెట్లు సూడవోతున్నవ్ గని బిడ్డా, సగం అడవి నేను కిందనే సూసిన" అనేవాడు. అట్లా ఆయన పోసిన ధైర్యంతోనే పరీక్ష గట్టెక్కాను. కౌంటర్ ఫైర్ మీద ప్రశ్న వచ్చింది, సరైన జవాబే గుర్తు పెట్టాను. పెట్టి, బయటికి వచ్చి హాయిగా చాయ్ తాగాను.

బీట్ ఆఫీసరుగా పోస్టింగు ఆదిలాబాద్ దిక్కు, అడవి అంచున ఒక చిన్న ఊళ్లో వేశారు. మా ఆయన జమ్మికుంట పత్తి మార్కెట్లో పని, సెలవు దొరికితే తప్ప రాలేడు. పిల్లలను చూసుకోవడానికి అత్తమ్మ నస్పూర్ ఇంటికి తాళం వేసి నాతో వచ్చేసింది. ఆ మొదటి నెలలు తలుచుకుంటే ఇప్పటికీ తీపిగానే ఉంటుంది. చీటీల మీది మాటలన్నీ ఒక్కొక్కటే చెట్టయి, పొద అయి, రాయి అయి ఎదురొచ్చేవి. బెరడు చుట్టూ గాటు పెట్టిన ఎండుచెట్టు కనిపిస్తే, ఓహో గర్డ్లింగ్ అంటే నువ్వేనా అని పలకరించాలనిపించేది. సాయంత్రం ఇంటికొచ్చి పిల్లలకు ఆ మాటలు చెప్పేదాన్ని. ఎదురుపడని మాట కౌంటర్ ఫైర్ ఒక్కటే. ఎట్లుంటుంది సార్ అని అడిగితే మా రేంజర్ సారు, "సూడకుంటనే మంచిగుంటవమ్మా" అన్నారు.

మా దిక్కు ఇప్పచెట్టు గురించి తెలియని వాళ్లకు ఒక మాట చెప్పాలి. ఎండాకాలం మొదట్లో ఇప్పపూలు తెల్లవారుజామున రాలుతాయి. కింద ఆకులు మందంగా పరుచుకుని ఉంటే పూలు కనబడవు కాబట్టి, చెట్టు కిందంతా ముందురోజే చిన్నగా అగ్గిపెట్టి శుభ్రం చేసుకోవడం తాతల నాటి నుంచి వస్తున్న పద్ధతి. ఆకు కాలిన నల్లటి నేల మీద తెల్లగా పూలు రాలి ఉంటే, పిల్లలకు అంతకంటే ఆట ఉండదు. ఆ మంట ఆరిందనుకుని ఇంటికి పోతారు, ఏదో మొద్దులో నిప్పు మిగిలి ఉంటుంది. ఆ పద్ధతి మాన్పించడం కూడా నా నౌకరీలో భాగమే, ఇంటింటికీ పోయి చెప్పాను కూడా. వింటారు, తల ఊపుతారు, తాగమని చల్ల ఇస్తారు.

ఆ రోజు మంట కూడా అట్లాగే లేచింది, గాలి తిరిగేదాకా దూరంగా లోపలికే పోతోంది. గాలి తిరిగిన కాసేపటికే పూలకు పోయిన ఆడవాళ్లు గంపలు పారేసి, కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుని వాగు దాటి మా లైన్ మీదికి ఉరికివచ్చారు. వచ్చిన ప్రతి ముఖాన్నీ చూశాను. అత్తమ్మ లేదు, పిల్లలు లేరు. పక్కింటి అక్కను పట్టుకుని అడిగితే ఆమె బిత్తరపోయింది. "ఎండ ముదిరిందని జల్ది ఎల్లిపోయె అనుకున్నం చెల్లే, మాకంటే ముందుగాల లేశింది గదా!" అన్నది. ఇంటి దగ్గర ఉన్నవాళ్లకు ఫోన్ చేయిస్తే తలుపుకు తాళం అట్లాగే ఉందన్నారు.

అప్పుడే రేంజర్ సారు ఫోన్. ఆయన ఇంకో గుట్ట మీద ఇంకో మంట దగ్గర ఉన్నారు. గాలి తిరిగింది, ఇక చూడొద్దు, లైన్ మీది నుంచి కౌంటర్ ఫైర్ పెట్టేయండి అన్నారు. మా వెనక ఊరు. ప్రతి ఇంటి ముందు వంటకు పేర్చుకున్న పత్తికట్టె, గడ్డివాములు, గడ్డి కప్పిన కొట్టాలు. మంట లైన్ దగ్గరికి వచ్చేలోపు లైన్‌కూ మంటకూ మధ్యనున్న ఆకునంతా మేమే ఎదురు కాల్చేస్తే, వచ్చే మంటకు తిండి దొరక్క అక్కడే చస్తుంది. పరీక్షలో నేను గుర్తు పెట్టిన జవాబు అదే. ఆ మధ్యలోనే ఎక్కడో నా పిల్లలు ఉన్నారు.

సార్, లోపల మా పిల్లలున్నరు అన్నాను. ఆయన, ఎంతసేపు ఆగగలరో మీరే చూసుకోండి అన్నట్టు ఏదో అని, ఆ మాట పూర్తికాకముందే సిగ్నల్ పోయింది. మాతో ఉన్న సెక్షన్ ఆఫీసరు, నేను అన్నా అని పిలిచే మనిషి, చేతిలో కాగడాతో నిలబడి ఒకసారి నన్ను, ఒకసారి ఊరిని చూస్తున్నాడు. మావాళ్లలో ఇద్దరు అడవిలోకి ఉరకబోయి పొగకు తట్టుకోలేక వెనక్కి వచ్చారు. నేను పిల్లల పేర్లు పెట్టి అరుస్తూనే ఉన్నాను, వెదురు పేలుళ్లలో నా గొంతు నాకే వినబడలేదు.

ఆ పేలుళ్లే నాకు దారి చూపించాయి. నస్పూర్‌లో ఓపెన్‌కాస్టు, అంటే పైనుంచే పేల్చి తవ్వే బొగ్గుబాయి పక్కన ముప్పాతిక జీవితం గడిపిన మనిషి మా అత్తమ్మ. అక్కడ బ్లాస్టింగుకు ముందు సైరన్ మోగుతుంది, అందరూ ఎక్కడివాళ్లక్కడ చాటుకు చేరి కూర్చుంటారు. పేలుళ్లు అయిపోయి మళ్లీ పొడుగాటి సైరన్ మోగేదాకా ఎవరూ కదలరు. అది ఆమె ఒంట్లో ఇంకిపోయిన అలవాటు. ఈ ఊరికి వచ్చిన కొత్తలో ఎవరో రైతు బావి తవ్వుతూ తూటాలు పేలిస్తే, పిల్లలిద్దరినీ మంచం కిందికి లాగి, మధ్యాహ్నం బువ్వ వేళ దాటినా లేవనివ్వలేదు. సైరన్ కాలేదు కూసోండ్రి అంటే అదే మాట. మేమంతా ఎంత నవ్వామో. ఇప్పుడు కూడా ఆమె ఏదో పెద్ద బండ వెనక పిల్లలను ఒడిలో పొదువుకుని, రాని సైరన్ కోసం కూర్చుని ఉంటుంది. ఎవరు అరిచినా లేవదు.

జీపు దగ్గరికి ఉరికి డ్రైవర్ భాయ్‌ను సైరన్ కొట్టమన్నాను, ఆపకుండా కొట్టమన్నాను. ఆయన మంచిర్యాల మనిషి, పెద్దవాడు, నాకు మతి పోయిందనుకున్నాడు పాపం. "సైరన్ కొడితే అగ్గి ఆగుతదా బేటీ? జర నిమ్మళం చేసుకో" అన్నాడు. ఏం చెప్పానో గుర్తు లేదు, ఆయన స్విచ్ వేశాడు. ఆ కూత అడవంతా పరుచుకుంది. మా తల మీది నుంచి నిప్పురవ్వలు పోతున్నాయి. ఒకటి లైన్ దాటి, ఊరి చివర ఒక ముసలవ్వ పశువుల కొట్టం మీద పడింది. జనం అటు ఉరికారు. కాగడా పట్టుకున్న అన్న నావైపు చూడడం మానేసి తల దించుకున్నాడు. ఇక ఆగమని ఆయనను అడగడానికి నాకు నోరు రాలేదు, ఆయన పెడతానని అనలేదు.

పొగలోంచి ముందు నా బిడ్డ వచ్చింది. దాని వెనక, నెత్తి మీద పూలగంప కూడా దించకుండా, చిన్నోణ్ని రెక్క పట్టుకుని ఈడ్చుకుంటూ అత్తమ్మ. కళ్లు ఎర్రగా, ముఖమంతా మసి. మమ్మల్ని చూసి దగ్గుతూనే అందుకుంది.

"గీడ గూడ ఓపెన్‌కాస్టు వెట్టిండ్రానే? గింతసేపు బ్లాస్టింగు ఏడన్న ఉంటదా? పిల్లగాండ్లకు నీళ్ల దూప అయితుందన్న సోయి లేదు మీ సార్లకు!"

డ్రైవర్ భాయ్ నవ్వాడు, నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. పిల్లలను జీపులోకి ఎక్కించి, లైన్‌లో నా వంతు భాగానికి పోయి, ఆకులకు నిప్పు పెట్టుకుంటూ నడిచాను. నేను పెట్టిన మంట ముందు బద్ధకంగా పాకి, తర్వాత లోపలి మంట పీల్చుకున్నట్టు అటువైపు ఉరికింది. రెండూ కలిసిన చోట ఒక గుంజులాట, పెద్ద చప్పుడు, ఆ తర్వాత పొగ. ఊరు మిగిలింది. ముసలవ్వ కొట్టం మిగల్లేదు, పశువులను మాత్రం ముందే విప్పేశారు.

ఇప్పుడు చాలా మారాయి. ఆ ఊళ్లో ఇప్పచెట్ల కింద పాత చీరలు పరుస్తున్నారు, పూలు వాటి మీదే రాలుతాయి, అగ్గి పెట్టేవాళ్లు తగ్గారు. అత్తమ్మకు చెవులు వినబడక పండగ పటాకులకు కూడా ఉలిక్కిపడటం లేదు. నా బిడ్డకు ఆ రోజు గుర్తే లేదట, మామూలుగా అడిగి చూశాను. ఇంగ్లీషు మాటలన్నీ మేము నేర్చుకున్నదానికంటే తేలికగా, తప్పు లేకుండా నేర్చుకుంటోంది. అందుకు సంతోషమే. కాని గోడకు చీటీలు అంటించుకుని, ప్రతి మాటా ఒక కొత్త చెట్టులా కనబడి మురిసిన ఆ పిల్లతల్లిని ఎక్కడో పోగొట్టుకున్నానని ఈ రాత్రి అనిపిస్తోంది.

దానికి గుర్తు లేకపోవచ్చు గాని, ఆ మరునాడు పొద్దున పక్క మీది నుంచి లేస్తూనే నన్ను అడిగింది. "అడవిని కాపాడే నౌకరి అంటివి గద అమ్మా, మరి నిన్న నువ్వే అంటువెట్టినవ్? నేను జీపులకెల్లి సూసిన." చిన్నోడు కూడా లేచి కూర్చుని నా జవాబు కోసం చూస్తున్నాడు. పుస్తకంలో రాసిన అర్థం చెప్పబోయి మానుకున్నాను. ఇద్దరినీ దగ్గరికి తీసుకుని ఇట్లా చెప్పాను:

"అవు బిడ్డా, నేనే అంటువెట్టిన. మీరు బయటికి అచ్చినంకనే వెట్టిన. మీరు రాకుంటే, ఊరంత కాలినా నా చేతులతోని పెట్టేదాన్ని కాదు. అది మంచిదో చెడ్డదో నాకు తెల్వది. మీ కోసం ఆగినందుకు ఆ ముసలవ్వ కొట్టం కాలిపోయింది. లేవుండ్రి, ముఖాలు కడుక్కోండ్రి. గడ్డి కోసి కొట్టం మళ్ల కప్పాలె, మీరు సుత మోయాలె."