ఆకుపచ్చ టిక్కు

ఆత్మకూరులో మా జిరాక్సు షాపు పక్కన ఫోటో స్టూడియో నడిపిన మామ పోయిన మంగళవారం చనిపోయాడు. నాకు బంధువేమీ కాదు. పన్నెండేళ్లు పక్కపక్కన షట్టర్లు ఎత్తినవాళ్లం, అంతే. ఆ పొద్దున టీ తెచ్చినామె చెప్పింది. వినగానే నాకు ఏడుపు రాలేదు, భయమేసింది.

చుట్టుపక్కల ఊళ్లలో ఎవరు పోయినా దినాలకు పటం కోసం మామ దగ్గరికే వచ్చేవాళ్లు. పెళ్లిలోనో, పదో తరగతి హాల్‌టికెట్ కోసమో ఎప్పుడో ఆయన తీసిన ఫోటో కంప్యూటర్‌లో ఉండేది. ఆధార్ కార్డు ఇచ్చి, దీన్నే పెద్దది చెయ్యమంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "అది గుర్తింపు కార్డప్పా, మనిషి కాదు. దానికి మాలెయ్యొద్దు," అనేవాడు. ఊరు అడిగి, గంటసేపైనా వెతికి, నవ్వుతున్న ఫోటో తీసిచ్చేవాడు.

ఒక ఎండాకాలం ఆయన నెగటివ్‌ల పెట్టెకు చెదలు పట్టాయి. మామ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. కంప్యూటర్‌లో ఎక్కించుకున్నవైనా మిగిలేలా చూడమని నన్ను అడిగాడు. నేను వెళ్లి, ఫైళ్లను ఇంటర్నెట్‌లో దాచే ప్రోగ్రాం వేసి, ఫోటోల ఫోల్డర్లన్నీ దానికి కలిపాను. మా నెట్టు సంగతి తెలిసిందే. అన్నిటి పక్కనా ఎక్కినట్టు ఆకుపచ్చ టిక్కు పడేసరికి పదకొండు రోజులు పట్టింది. మామ రోజూ పొద్దున్నే వచ్చి, కల్లూరు పెండ్లోళ్లు ఎక్కినారనో, ఇంకా నాలుగు ఊళ్లు ఉండాయనో చెప్పి పోయేవాడు. "ఈడ పెట్టిందంతా ఆడ కూడా ఉంటుంది మామా," అన్నాను. ఈడ తీసేస్తే ఆడ కూడా పోతుందని చెప్పలేదు. తెలియక కాదు. షాపులో ఇద్దరు కాచుకున్నారని గబగబా లేచి వచ్చేశాను.

ఆయుధపూజకు మామ కెమెరా, స్టాండ్లు, లైట్లు తుడిచి బొట్లు పెట్టేవాడు. ఆ ఏడు కంప్యూటర్‌ను లోపల కూడా శుభ్రం చేశాడు. అన్నీ పైన ఇంటర్నెట్‌లో భద్రంగా ఉన్నాయి కదా, ఇక్కడ బరువెందుకని ఫోల్డర్లన్నీ తీసేసి, చెత్తబుట్ట కూడా ఖాళీ చేసి, మానిటర్‌కు కుంకుమ పెట్టాడు. మాకు బొరుగులు, బెల్లం పంచాడు. నేనూ తిన్నాను.

మూడు నెలల తర్వాత అడవి పక్క ఊరి నుంచి ఒకామె వచ్చింది. కొడుకు కాలువలో పడి పోయాడట. పైనుంచి ఆ పిల్లోని ఫోటో దింపమని మామ నన్ను పిలిచాడు. తెరిచి చూస్తే ఒక్కటీ లేదు. తీసేసినవాటిని ఆ ప్రోగ్రాం నెలరోజులే ఉంచుతుంది. అదే మాట ఆమె ఎదురుగానే చెప్పాను. మామ ఆమె వైపు తిరిగాడు.

"నేనే పోగొట్టినా తల్లీ. పండక్కి తుడుస్తా తుడుస్తా నీ కొడుకును కూడా తుడిసేసినా."

ఆమె తిట్టలేదు. బస్సు వచ్చేదాకా మెట్టు మీద కూర్చుని పోయింది.

ఆ తర్వాత ఎవరొచ్చినా తానే పోగొట్టానని చెప్పాడు. నా పేరు ఎత్తలేదు. తప్పు నాది మామా అని ఒకరోజు ఏడిస్తే, "నువ్వు సగం చెప్పినావు, నేను మిగతా సగం అడగల్యా. పో పాపా, పని జూసుకో," అన్నాడు. అంత మంచితనం నేను మొయ్యలేకపోయాను. ఇప్పటికీ మొయ్యలేను.

నా భయం ఎందుకో ఇప్పుడు తెలిసుంటుంది. ఆయన దినాలకు పటం ఎక్కడిది? పెళ్లి ఫోటో చెదల పెట్టెలోనే పోయింది. ఎవరి ఫోన్‌లో చూసినా మొహానికి కెమెరా అడ్డం. ఆయన భార్య, మా అత్త, ఆధార్ కార్డు చేతిలో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఇవ్వడానికి మనసు రాక, చెంగులో దాచుకుని నిలబడింది.

నా కంప్యూటర్‌ అంతా గాలించాను. నేను నింపే అప్లికేషన్ల కోసం మామ పంపేవాటిలో పసిబిడ్డ ఫోటో ఒకటి దొరికింది, నేను ఇంకా అంచులు కత్తిరించనిది. బిడ్డకు ఇంకా మెడ నిలవలేదు. వెనక కట్టిన తెల్లగుడ్డ పక్కనుంచి మామ చెయ్యి చాచి మెడను పట్టుకున్నాడు. అత్త తెర దగ్గరికి వంగి, ఆయన చెయ్యేనంది. ఇదే పటం కట్టమంది.

బతికున్న బిడ్డకు మాల వెయ్యకూడదు. ఇన్నేళ్లుగా చేతిని కత్తిరించి బిడ్డను ఉంచేదాన్ని, ఆరోజు బిడ్డను కత్తిరించి చేతిని ఉంచాను. ఇప్పుడు వాళ్లింట్లో గోడ మీద, బంతిపూల మాల మధ్య, తెల్లగుడ్డ అంచున నాలుగు వేళ్లు ఉన్నాయి, ఇంకా ఎవరి మెడనో పట్టుకున్నట్టే.