సగంలో ఆగిన సినిమా

మా పక్కింటి అత్తయ్య పోయింది. మొన్న పొద్దున కల్లంలో మిరపకాయలు తిరగేస్తుంటే కబురొచ్చింది. మా అన్న చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు. చుట్టరికం ఏమీ లేదు. వీధి మొత్తానికీ ఆవిడ అత్తయ్యే.

ఆవిడకో పిచ్చి ఉండేది. ఆదివారం మధ్యాహ్నం టీవీలో పాటలూ ఫైటింగులూ లేని వేరే రాష్ట్రాల సినిమాలు వేసేవాళ్ళు, గుర్తుందా? ఒకాయన కిటికీ దగ్గర కూర్చుంటాడు. మనం టీ తాగొచ్చినా అక్కడే కూర్చునుంటాడు. ఊరంతా టీవీ కట్టేసే టైముకి అత్తయ్య పెట్టేది. ఒక్కతే చూడ్డం ఇష్టం లేక మమ్మల్ని పిలిచేది.

"ఇదేం భాష అత్తయ్యా?"

"ఏమో. భాష రాకపోతేనే నయంరా, మొహం చూస్తాం."

సగంలో కరెంటు పోవడం మామూలే. అప్పుడు విసనకర్ర అందుకుని, "మిగతా కథ మీరు చెప్పండి" అనేది. నా కథల్లో హీరో ఎప్పుడూ పెళ్ళాం చేతిలో తన్నులు తినేవాడు. ఎనిమిదో తరగతి దాటని బుర్రలో అంతకంటే ఏం పండుద్ది? "కోతి వెధవా" అంటూనే చివరిదాకా వినేది.

పచ్చపురుగు పత్తిని తినేసిన ఏడు మా అన్న మాట మానేశాడు. తిండీ అంతంతే. పురుగుమందు డబ్బాలన్నీ మా వదిన చీరకొంగు చాటున తెచ్చి నా మంచం కింద దాచింది. ఎందుకని ఎవరమూ అడగలేదు. ఒక ఆదివారం అత్తయ్యే వచ్చి, "పెద్దోడా, యాంటెనా తిప్పాలి, రా" అని అన్నని తీసుకెళ్ళింది. తిప్పాక నా పక్కన కూర్చోబెట్టింది.

సినిమాలో ఒక బక్క రైతు. పంట పోయింది. ఎవరితోనూ మాట్లాడడు. ఏటి గట్టున కూర్చుని సంచిలోంచి సీసా తీశాడు. మా అన్న ముందుకు వంగాడు. టీవీ ఆగిపోయింది.

వెనకనుంచి అత్తయ్య, మామూలు గొంతుతోనే, "పెద్దోడా, ఏం చేస్తాడంటావ్?" అంది.

అన్న నోరు విప్పాడు. "ఇంటికెళ్తాడు."

"ఎందుకని?"

"ఇందాక గేదెని ఎండలో కట్టేసొచ్చాడుగా. నీళ్ళెవరు పెడతారు?"

అని, లేచి, కండువా దులుపుకుని, మా గేదె దగ్గరికి వెళ్ళిపోయాడు.

నేను వాకిట్లోకొచ్చాను. ఎదురింట్లో ఫ్యాను గిర్రున తిరుగుతోంది. వెనక్కెళ్ళి చూస్తే, అత్తయ్య పీటెక్కి మునివేళ్ళ మీద నిలబడి ఉంది. చెయ్యి కరెంటు మెయిన్ మీద ఉంది.

"తర్వాత ఏమవుద్దో నీకు తెలుసా అత్తయ్యా?"

"తెలీదురా. వాళ్ళేం తీశారో ఏమో. నాకు భయమేసింది."

ఊళ్ళో నేను ఆటపట్టించని మనిషి లేడు. పెళ్ళికూతురే లేని పెళ్ళిచూపులు కూడా జరిపించాను. ఆ పీట మీది మనిషి ముందు మాత్రం నా తెలివంతా దేనికీ పనికిరాదనిపించింది. ఆ నత్తనడక సినిమాలన్నా నాకు అప్పట్నుంచే గౌరవం. ఒక మనిషి ఊరికే కూర్చున్నాడంటే, లోపల ఎంత జరుగుతోందో ఇప్పుడు చూస్తాను.

ఈ సంగతి అన్నకి తెలీదు. వాడు ఏదీ చదవడు కాబట్టే ధైర్యంగా రాస్తున్నాను. ఆ రైతు ఇంటికే వెళ్ళాడని ఇప్పటికీ అంటాడు. మా గేదెకి నీళ్ళు ఇప్పటికీ వాడే పెడతాడు.

మొన్న జనం కూర్చోడానికి అత్తయ్య ఇంట్లో సామాన్లు జరుపుతుంటే, మెయిన్ కింద ఆ పీట అలాగే ఉంది. అన్న తియ్యబోయాడు.

"దాన్నక్కడే ఉండనీ అన్నా."

ఎందుకని అడగలేదు. అంత మనిషీ ఆ చిన్న పీట మీదే కూర్చుని, ఆవిడ మొహం చూస్తూ ఉండిపోయాడు.